గుండ్రటి ఇంట్లో మూడు రాత్రులు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మంగోలియా యాత్రానుభవాలు చెప్పమని కార్యదర్శిగారి ఆజ్ఞ. దేశం మొత్తం గురించి చెప్పడానికి నేను చూసింది చాలదు. నెల రోజులు ఉన్నా, అందులో ఎక్కువ భాగం మా అబ్బాయి ఫ్లాటులో కిటికీ పక్కన కూర్చుని గడిపాను. కనుక మూడు రాత్రులు పడుకున్న ఒక ఇంటి గురించి మాత్రం మనవి చేస్తాను. ఆ ఇంటిని ఇంగ్లీషువాళ్ళు యర్ట్ అంటారు. అది తుర్కీ భాషల నుంచి రష్యన్ల ద్వారా వచ్చిన మాట. మంగోలులు గెర్ అంటారు. గెర్ అంటే ఇల్లు, అంతే. మన హిందీ పండితులెవరైనా దీనికి ఘర్ అనే మాటతో చుట్టరికం కలుపుతారేమో గాని, ఆ రెంటికీ సంబంధం లేదు.

అసలు అంత దూరం ఎందుకు వెళ్ళామంటే, 2015లో మన ప్రభుత్వం మంగోలియాకు వంద కోట్ల డాలర్ల రుణసహాయం ప్రకటించింది. ఆ డబ్బుతో ఆ దేశపు ఆగ్నేయ భాగంలో, గోబీ ఎడారి వైపున, చమురు శుద్ధి కర్మాగారం కడుతున్నారు. పని చేస్తున్నది హైదరాబాదు సంస్థ. మా అబ్బాయి అందులో ఇంజనీరు. సంసారం మాత్రం రాజధాని ఉలాన్‌బాతర్‌లో పెట్టాడు. 2024 ఆగస్టులో నేనూ, మా ఆవిడా అక్కడికి వెళ్ళాం.

మన రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపి ఐదున్నర రెట్లు చేస్తే ఆ దేశం వైశాల్యం వస్తుంది. జనాభా మాత్రం 35 లక్షలు. పశువులు ఐదు కోట్ల పైచిలుకు. గుర్రం, ఆవు, ఒంటె, గొర్రె, మేక, ఈ ఐదింటినీ కలిపి లెక్కిస్తారు. జడలబర్రెను ఆవుల పద్దులో వేస్తారు. మనుషుల జనాభా లెక్కల కంటె పశువుల లెక్క మీద అక్కడివాళ్ళకు శ్రద్ధ ఎక్కువని నాకు తోచింది. ఏటా సంవత్సరాంతాన పశుగణన జరుగుతుంది.

ఉలాన్‌బాతర్‌కు పడమరగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఖుస్తై జాతీయ పార్కు ఉంది. దాని ప్రత్యేకత తాఖి అనే అడవి గుర్రం. పొట్టి కాళ్ళు, ఇసుక రంగు ఒళ్ళు, బ్రష్షులా నిక్కబొడుచుకున్న నల్లటి జూలు. నుదుటి మీద వెంట్రుకలు పడవు. మామూలు గుర్రానికి 64 క్రోమోజోములుంటే దీనికి 66. 1969లో గోబీ ప్రాంతంలో కనిపించిందే ఆఖరు. ఆ తర్వాత ఆరుబయట ఒక్కటి కూడా మిగలలేదు. అయితే అంతకు ముందే యూరపువాళ్ళు పట్టుకుపోయి జంతు ప్రదర్శనశాలల్లో పెంచినవి కొన్ని ఉన్నాయి. ఆ కొద్దిపాటి గుర్రాల సంతతిలోంచి 16 గుర్రాలను 1992లో విమానంలో తెచ్చి ఈ ఖుస్తై కొండల్లో పెట్టారు. కొంతకాలం కంచెల్లో ఉంచి, వాతావరణం అలవాటయ్యాక వదిలారు. ఇప్పుడు అక్కడ నాలుగు వందలకు పైగా ఉన్నాయి. సాయంత్రం పూట కొండ మీంచి వాగుకు నీళ్ళకు దిగుతాయి. ఒక మగగుర్రం, దాని వెంట ఐదారు ఆడగుర్రాలు, పిల్లలు. మేము రెండు సాయంత్రాలు చూశాం. దగ్గరకు పోనివ్వరు. బైనాక్యులర్స్ తీసుకెళ్ళడం మంచిది.

పార్కు సరిహద్దు వెలుపల పశువులు కాసుకునే కుటుంబాలున్నాయి. కొందరు తమ గెర్ పక్కనే ఇంకొకటి వేసి అతిథులను ఉంచుకుంటారు. మేము దిగింది అలాంటి ఒక ముసలి దంపతుల దగ్గర. పెద్దాయనకు 71 ఏళ్ళు. మా అబ్బాయి ఆఫీసులో పనిచేసే మంగోలు యువకుడు మాకు దుబాసీగా వచ్చాడు. అతను మన దేశంలో చదువుకున్నవాడు. ఇంగ్లీషూ, కాస్త హిందీ వచ్చు.

అక్కడ ఇంటికి వెళ్ళేవాడు తలుపు తట్టడు. దూరాన్నే నిలబడి "నోఖోయ్ ఖోర్" అని కేకేస్తాడు. అంటే "కుక్కను పట్టుకోండి" అని. కుక్క లేని ఇంటికి వెళ్ళినా అదే కేక. తలుపు మన నడుముకంటె కాస్త ఎత్తు ఉంటుంది, బాగా వంగి దూరాలి. గడప తొక్కకూడదు. ఈ మాట దుబాసీ చెప్పబోతుంటే మా ఆవిడ అప్పటికే గడప దాటి లోపలికి పోయింది. ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు కదా!

లోపల ఎడమచేతి వైపుగా, అంటే ప్రదక్షిణంగానే నడవాలి. తలుపు ఎప్పుడూ దక్షిణానికే. పడమటి వైపు మగవాళ్ళ స్థలం, జీనులూ కళ్ళేలూ అక్కడ. తూర్పు వైపు ఆడవాళ్ళది, వంట సామాను అక్కడ. తలుపుకు ఎదురుగా ఉత్తరాన ఉన్నది పెద్దల స్థానం, దాన్ని ఖోయ్‌మొర్ అంటారు. దేవుడి పటం, కుటుంబం ఫోటోలు, పెద్దాయన గెలుచుకున్న గుర్రప్పందెం పతకాలు అన్నీ అక్కడే. ఇంటి పెద్ద కూర్చునేది ఆ పీట మీదనే. కొడుకు ఉద్యోగస్థుడైనా, కోడలు సంపాదించేదైనా ఆ చోటు ఎవరూ తీసుకోరు. ఈ మాట చెప్పగానే ముందు వరసలో నలుగురు ఒకరినొకరు చూసుకున్నారు, నేను గమనించాను. కొడుకుల ఫ్లాటుల్లో టీవీకి అడ్డం రాకుండా కుర్చీ ఎక్కడ వేసుకోవాలో తెలియక తిరిగేవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం.

మధ్యలో ఇనుప పొయ్యి. దాని గొట్టం పైకప్పు నడినెత్తినున్న గుండ్రటి చక్రంలోంచి బయటకు పోతుంది. ఆ చక్రాన్ని రెండు స్తంభాలు మోస్తాయి. స్తంభాల మధ్యలోంచి నడవకూడదు, వస్తువులు అందించుకోకూడదు. పొయ్యిలో చెత్త వేయకూడదు, దానివైపు కాళ్ళు చాపకూడదు. ఏదైనా ఇచ్చినప్పుడు కుడిచేత్తో, ఎడమచెయ్యి మోచేతికి ఆనించి పుచ్చుకోవాలి. నాకు మా తాతగారి ఇల్లు గుర్తొచ్చింది.

కూర్చోగానే పెద్దాయన నడుముగుడ్డలోంచి పట్టుసంచి తీసి, అందులోంచి రాతిసీసా తీసి నా చేతిలో పెట్టాడు. మూత తీస్తే ముక్కుపొడి! సాక్షాత్తూ నస్యం! మన ఆఫీసుల్లో ఒకప్పుడు హెడ్‌క్లర్కులందరి జేబుల్లోనూ ఉండేది. ఇప్పుడు కనిపించదు. అక్కడ ఇద్దరు పెద్దమనుషులు కలుసుకుంటే ముందు ఈ సీసాలు మార్చుకుని వాసన చూసి, తిరిగి ఇచ్చుకున్నాకనే మాటలు. నా దగ్గర సీసా లేదు గనుక నా కళ్ళజోడు పెట్టె అందించాను. ఆయన దాన్ని కూడా అంత మర్యాదగానూ తెరిచి, చూసి, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

ఇక భోజనం సంగతి. మేము శాకాహారులమంటే ఆ ఇల్లాలికి అర్థం కాలేదు. జబ్బేమో అనుకుంది. మాంసం లేకుండా పిండి సేమ్యాలూ, బంగాళాదుంపలూ ఉడికించి పెట్టింది. టీలో పాలూ, ఉప్పూ వేస్తారు. మజ్జిగ అనుకుని తాగితే బాగానే ఉంటుంది, టీ అనుకుంటేనే చిక్కు. పాలు కాచి తీసిన మీగడ అట్టులా మడిచి ఇచ్చారు. నెయ్యి వాసనకు మా ఆవిడ ఆ గిన్నె దగ్గరకే వెళ్ళి కూర్చుంది. ఇద్దరూ భాష లేకుండానే గంటసేపు మాట్లాడుకున్నారు. మా ఆవిడ తీసుకెళ్ళిన కందిపొడి డబ్బా ఆవిడకిచ్చేసింది. ఎండబెట్టిన పెరుగుగడ్డల జోలికి మాత్రం కట్టుడుపళ్ళవాళ్ళు పోవద్దు. రాయి నయం.

మా దుబాసీ కుర్రవాడు ఒక సాయంత్రం ఆకాశం చూపించి గ్రహాల పేర్లు చెప్పాడు. అంగారగ్, బుద్, బర్ఖస్‌బది, సుగర్, సంచిర్. వింటే మీకే తెలుస్తుంది. మన అంగారకుడు, బుధుడు, బృహస్పతి, శుక్రుడు, శనైశ్చరుడు. బౌద్ధంతో పాటు వెళ్ళిన మాటలు. వాళ్ళ జాతీయ చిహ్నం పేరు సొయొంబో. అది మన స్వయంభూ. పంచాంగం చూసే అలవాటున్న మనకు ఆ చలిలో ఈ పేర్లు వింటే ఎంత ధైర్యంగా ఉంటుందో చెప్పలేను.

చలి అన్నాను గనుక, వెళ్ళాలనుకునేవారికి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆగస్టు నెలాఖరే అయినా రాత్రికి ఐదారు డిగ్రీలకు దిగింది. పొయ్యిలో వాళ్ళు వేసేది అర్గల్. అంటే పిడకే. మనలా తట్టి గోడకు కొట్టరు. మైదానంలో ఎండిన పేడను వీపున బుట్ట కట్టుకుని ఏరుకొస్తారు. బాగా రాజుకుంటుంది గాని రెండు గంటల్లో ఆరిపోతుంది. అర్ధరాత్రి లేచి మళ్ళీ వేసుకోవాలి. తెల్లవారుజామున ఆ ఇల్లాలే వచ్చి పొయ్యి వెలిగించి పోయేది. గదిలో పొగ చేరకుండా నడినెత్తి చక్రం మీది కప్పు కొంచెం తెరిచే ఉంచాలి. చలిగా ఉందని పూర్తిగా మూయించవద్దు. పాయిఖానా యాభై అడుగుల దూరంలో, చెక్క గుడిసెలో. మన వయసులో రాత్రి రెండుసార్లు తప్పదు. టార్చిలైటు, చేతికర్ర, కుక్కతో స్నేహం, ఈ మూడూ ఉండాలి. మోకాళ్ళ ఆపరేషను చేయించుకున్నవారు ఆ తలుపు దూరడం ఆలోచించుకోండి. మంచాలు మాత్రం ఉన్నాయి, నేలమీద పడుకోనక్కరలేదు.

మూడో రోజున వాళ్ళు శరత్కాలపు పచ్చిక దగ్గరకు మారాల్సి ఉంది. తమ గెర్ విప్పుతుంటే మేము దగ్గరుండి చూశాం. నా ప్రసంగంలో ముఖ్యమైనది ఇదే. దయచేసి కాస్త వినండి.

ముందు పైన కప్పిన తెల్లటి గుడ్డ తీశారు. దాని కింద గొర్రె ఉన్నిని నేయకుండా తడిపి, కొట్టి, చుట్టలు చుట్టి గట్టిపరచిన మందపాటి దుప్పటి ఉంటుంది. ఎండాకాలం ఒక వరస, చలికాలం రెండు మూడు వరసలు. అవి దించాక చక్రంలో గుచ్చిన వాసాలు ఒక్కొక్కటే ఊడదీశారు. చక్రాన్ని కిందికి దించారు. గోడలు అంటే కర్రల జాలి. మన పాత ఆఫీసుల్లో లిఫ్టుకు ఉండే కొలాప్సిబుల్ గేటును ఊహించుకోండి. తోలుముక్కలతో ముడివేసిన సన్నటి కర్రలు, లాగితే గోడ, మూస్తే కట్ట. ఒక్క మేకు లేదు. ఇంతా విప్పడానికి గంట పట్టలేదు. అంతా చిన్న ట్రక్కులో సర్దేశారు. ఏడెనిమిది కిలోమీటర్లు పోయి కొత్తచోట మళ్ళీ నిలబెట్టారు. ముందు దక్షిణం చూసుకుని తలుపు పెట్టారు, ఆ తర్వాతే గోడలు. నన్ను కూడా ఒక తాడు చివర పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. పొయ్యి మీద టీ మరిగేసరికి మొత్తం రెండున్నర గంటలు. ఈ పనితనాన్ని యునెస్కో 2013లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

1984లో హౌస్ బిల్డింగ్ అడ్వాన్సుతో నేను రెండు గదులు కట్టుకుంటే పద్దెనిమిది నెలలు పట్టింది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బులతో పైన ఇంకో గది వేశాను. ఆ మాటే పెద్దాయనకు చెప్పాను. ఆయన అడిగాడు.

"ఇప్పుడు ఆ ఇల్లు ఎవరు చూస్తున్నారు?"

"తాళం వేసి వచ్చామండి."

"తాళం వేస్తే అందులో పొయ్యి వెలిగించేదెవరు?"

జవాబు చెప్పమని దుబాసీ నావైపు చూశాడు. పక్కింటివాళ్ళు మొక్కలకు నీళ్ళు పోస్తారని చెప్పాను.

అప్పుడు నేను ఆయన సంగతి అడిగాను. సోషలిస్టు కాలంలో ఆయన పశువుల సహకార సంఘంలో సభ్యుడు. నెలజీతం, సెలవులు అన్నీ ఉండేవి. 1990 తర్వాత ఆ సంఘాలు రద్దయి, పశువులను పంచేశారు. నాలుగు వందల దాకా పెంచాడు. 2023-24 చలికాలంలో జుద్ వచ్చింది. ఎండాకాలం వర్షాలు లేక గడ్డి పెరగదు. ఆపైన లోతుగా మంచు పడి గడ్డకడుతుంది. పశువు గిట్టతో తవ్వినా మేత అందక, నిలుచున్నచోటే చచ్చిపోతుంది. దీన్ని జుద్ అంటారు. ఆ ఒక్క చలికాలంలో దేశం మొత్తం మీద 70 లక్షలకు పైగా పశువులు పోయాయి. పెద్దాయనకు మిగిలినవి తొంభై చిల్లర. మా చిన్నతనంలో పాలమూరు నుంచి గొర్రెలవాళ్ళు మందలు తోలుకొచ్చి మా పొలాల్లో పెట్టేవారు. వానకు పది గొర్రెలు పోతే వాళ్ళు ఏడ్చిన ఏడుపు నాకు తెలుసు. ఈయన మూడు వందలు పోయిన సంగతి ముక్కుపొడి పీలుస్తూ చెప్పాడు.

పెన్షను వస్తుందట. మన సభకు పనికివచ్చే ముక్క ఒకటుంది. అక్కడ పెన్షను తాకట్టుపెట్టి బ్యాంకుల్లో అప్పు తీసుకోవడం మామూలు. నెలనెలా పెన్షను నుంచి కోత. 2020 జనవరిలో వాళ్ళ పార్లమెంటు చట్టం చేసి, మనిషికి 60 లక్షల తుగ్రిక్‌ల వరకు ఆ అప్పులు రద్దు చేసింది. రెండు లక్షలకు పైగా పెన్షనర్లకు ఊరట. తుగ్రిక్ చాలా చిన్నది లెండి, లక్షలు వినగానే ఆశపడవద్దు. కమ్యుటేషన్ కోత పదిహేనేళ్ళు భరించే మనవాళ్ళు కొందరు ఇవాళే దీనిమీద తీర్మానం పెట్టమంటారని నాకు తెలుసు. అది కార్యదర్శిగారి పరిధి.

ఆయన కొడుకు ఉలాన్‌బాతర్ అంచున ఉంటాడు. ఆ నగరం చుట్టూ కొండల మీద గెర్‌ల పేటలున్నాయి. నగర జనంలో సగానికి పైగా ఆ పేటల్లోనే ఉంటారు. పశువులు పోయినవాళ్ళు ఇల్లు ట్రక్కులో వేసుకుని అక్కడికి చేరుతుంటారు. మంచినీళ్ళు కియోస్కు నుంచి క్యాన్లలో మోసుకోవాలి. చలికాలం మైనస్ ముప్పై డిగ్రీలు దాటుతుంది. అందరూ బొగ్గు కాల్చడంతో పగలే చీకటిగా ఉండేదట. 2019 మేలో ముడిబొగ్గును నిషేధించి, బొగ్గుపొడి ముద్దలు అమ్ముతున్నారు. అవి వచ్చిన మొదటి చలికాలంలో విషవాయువు చేరి నిద్రలోనే కొందరి ప్రాణాలు పోయాయి.

కొడుకు వచ్చేయమంటున్నాడు. ముసలాళ్ళిద్దరే ఇంకో జుద్ తట్టుకోలేరని అతని భయం. అది సబబైన భయమే. పెద్దాయన భార్యకు మనవల దగ్గర ఉండాలని ఉంది, ఆమె దాచుకోలేదు. పెద్దాయన మాత్రం కొండవైపు చూపించి, "అదుగో, ఆ లోయ మా నాన్న చలికాలపు చోటు. పార్కు పెట్టినప్పుడు గుర్రాల కోసం వదిలేశాం. ఎక్కడో పుట్టిన గుర్రాలు, వాటికి ఈ కొండ ఎవరు చెప్పారో గాని, రెండో ఏడుకే నీళ్ళ దారి కనుక్కున్నాయి" అన్నాడు. వెళ్తాననీ అనలేదు, వెళ్ళననీ అనలేదు. నేను సలహా ఇవ్వలేదు. మా అబ్బాయి కూడా ఇల్లు అమ్మి తన దగ్గరకు రమ్మని నాలుగేళ్ళుగా అడుగుతున్నాడు. నేను ఎవరికి సలహా చెప్పగలను?

తిరిగి వచ్చేటప్పుడు ఆ ఇల్లాలు గరిటెతో పాలు తెచ్చి మా కారు వెనక చల్లింది. దూరం పోయేవాళ్ళకు అలా చేస్తారట. అద్దంలోంచి చూస్తే గెర్ చాలాసేపు కనిపించింది, తెల్లటి బొరుగుగింజలా.

ఆ ఏడాది నవంబరులో మా అబ్బాయి ఫోను చేశాడు. దుబాసీ కుర్రవాడు పెద్దాయన కొడుకును కలిశాడట. మంచు తొందరగా పడడంతో మిగిలిన పశువులను తమ్ముడికి అప్పగించి, ముసలివాళ్ళిద్దరూ నగరం అంచుకు వచ్చేశారు. కొడుకు ఇంటి ఆవరణలోనే గెర్ వేశారు. తలుపు దక్షిణానికే పెట్టారు. కాని తెరిస్తే మూడు గజాల్లో పక్కవాళ్ళ చెక్క కంచె. గుర్రాన్ని మాత్రం అమ్మనివ్వలేదట. అది తమ్ముడి మందలోనే ఉంది, నెలకోసారి పెద్దాయన బస్సెక్కి చూసి వస్తున్నాడు. మా ఆవిడ ఇచ్చిన కందిపొడి ఎలా తినాలో తెలియక టీలో కలుపుకున్నారట. డబ్బా ఖాళీ చేసి ఇప్పుడు ఉప్పు పోసుకుంటున్నారు.

ఇరవై నిమిషాలు అయిపోయాయని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు.  సెలవు.